కాటి పని ఎవరు నేర్పాలి?

మా కుడతిని పేరు చరిత్ర పుస్తకాలకెక్కింది బూడిద వల్ల. బళ్లారి నుంచి హొసపేటకు పోయే దారిలో, ఊరికి దగ్గరగా, కనుమలో ఒక పాతకాలపు బూడిద దిబ్బ ఉంది. దాని పేరు బూదికనుమ. బూది అన్నమాట కన్నడంలోనూ ఉంది, మనకూ ఉంది. కనుమ మన తెలుగు మాట. రెండు భాషలు ఒకే ఇంట్లో కాపురం చేసే ఊరికి తగిన పేరే.

19వ శతాబ్దంలో ఈ సీమంతా తిరిగిన కెప్టెన్ న్యూబోల్డ్ ఈ దిబ్బలను గురించి 1843లో ఒక వ్యాసం అచ్చు వేయించాడు. భీముడు హిడింబాసురుణ్ణి చంపి దహనం చేసిన చోటు ఇదేనని ఇక్కడివాళ్లు చెప్పుకునే కథను అందులో రాసిపెట్టాడు. ఆ తరువాత వచ్చిన రాబర్ట్ బ్రూస్ ఫూట్ ఇది కాష్ఠం బూడిద కాదని, పశువుల పేడ కాలిన బూడిద అని అన్నాడు. 1957లో ఆల్చిన్ మహబూబ్‌నగర్ సీమలోని ఉట్నూరులో ఇటువంటి దిబ్బనే తవ్వితే పశువుల దొడ్డి ఆనవాళ్లు, గిట్టల గుర్తులు బయటపడ్డాయి. 1960లో జాయినర్ పరీక్షలు కూడా పేడనే రుజువు చేశాయి. నాలుగువేల ఏళ్లకు పైబడిన పశుపాలకుల గుర్తులివి.

కథ చరిత్ర కాదని తేలింది. అయినా ఆ కథలో నాకొక సంగతి ఆసక్తిగా తోస్తుంది. అంత బూడిదను చూడగానే మన పెద్దలకు శ్మశానమే గుర్తుకొచ్చింది. చచ్చిన రాక్షసుడికి పేరుంది, చంపిన వీరుడికీ పేరుంది. అంత పెద్ద చితికి కట్టెలు మోసిందెవరు, పేర్చిందెవరు, తెల్లవార్లూ కాపలా ఉన్నదెవరు? కథ చెప్పలేదు. కథే కాదు, మన చట్టాలు కూడా చాలాకాలం ఆ మనిషిని సరిగ్గా చూడలేదు. ఆ పని ఎవరి వంతు అన్నది రాశాయి గాని, దాన్ని ఎవరు నేర్పాలి, నేర్చుకునే కుర్రాడికి ఎవరు పూచీ అన్నది రాయలేదు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచింది ఇదే.

కాటి పనిలో నేర్చుకోవలసిందేముంది అనుకునేవాళ్లున్నారు. మా సీమలో ఒక్కరోజు ఈ పని దగ్గర నిలబడి చూస్తే ఆ మాట అనరు. లింగాయతుల ఇంట చావు జరిగితే శవాన్ని కూర్చోబెట్టి సమాధి చేస్తారు. దానికి గుంతలో గూడు తీయాలి. ముసల్మానుల గోరీ ఉత్తర దక్షిణాలుగా తవ్వాలి, ముఖం పడమటికి, ఖిబ్లా వైపుకు తిరిగి ఉండాలి. దహనం చేసే ఇళ్లవాళ్లు కూడా పసిబిడ్డలను పూడ్చిపెడతారు. నల్లరేగడి నేల వానకు జారుతుంది, తవ్వుతున్న మనిషి మీదే గోడ విరిగి పడుతుంది. రాతినేలలో గడ్డపార దిగదు. లోతు చాలకపోతే రాత్రికి కుక్కలు తవ్వుతాయి. చితికి నాలుగైదు వందల కిలోల కట్టె పట్టవచ్చు. గాలి ఆడేటట్టు పేర్చకపోతే సగం కాలి ఆరిపోతుంది. అంటురోగంతో పోయినవాళ్ల శవాన్ని ఎలా తాకాలో, ఎలా తాకకూడదో వేరే చదువు. వీటన్నిటికీ తోడు, ఏడుస్తున్న మనుషుల ఎదుట గొంతు తగ్గించి పని నడిపించడం ఒకటుంది. ఇదంతా నైపుణ్యం కాక మరేమిటి?

మన సాహిత్యంలో ఈ పనికి కుదిరిన కొత్తవాడి కథ ఒకటే ప్రసిద్ధం. అది హరిశ్చంద్రుడిది. 13వ శతాబ్దంలో మాకు దగ్గర్లోని హంపిలో రాఘవాంకుడు దాన్ని కన్నడంలో కావ్యంగా రాశాడు. 15వ శతాబ్దంలో గౌరన తెలుగులో ద్విపద చేశాడు. బలిజేపల్లి లక్ష్మీకాంతం నాటకం వచ్చాక కాటిసీను చూడని తెలుగు ఊరు అరుదు. జాషువా పద్యాలు ఆ సీనులో కలిసిపోయి, విడదీయలేనంతగా నిలిచిపోయాయి. మార్కండేయ పురాణంలో అయితే పని షరతులు కూడా ఉన్నాయి. రేయింబవళ్లు శ్మశానంలోనే ఉండాలి. శవానికి వచ్చే రాబడిలో ఆరో వంతు రాజుకు, మూడు వంతులు యజమానికి, రెండు వంతులు పనివాడికి. చూడండి, పురాణకర్త జీతం కూడా తేల్చి చెప్పాడు! కాని వీరబాహుడు హరిశ్చంద్రుడికి పని నేర్పిన ముచ్చట మాత్రం నాటకాల్లో మనకు వినిపించదు. రాజు కొన్నాళ్లు ఆ పని చేసినందుకు మనం కంటతడి పెడతాం. జీవితమంతా ఆ పనే చేసిన వీరబాహుడి కోసం ఎవరూ ఏడవలేదు.

ఇకపోతే చట్టాల సంగతి. 1953 వరకు బళ్లారి మద్రాసు రాజ్యంలో భాగం. ఆ రాజ్యంలో 1895లో వంశపారంపర్య గ్రామ పదవుల చట్టం వచ్చింది. మునసబు, కరణాలతోపాటు నీరుగంటి, వెట్టి, తోటి, తలారి పదవులు కూడా అందులో చేరాయి. చావు కబురు మోయడం, గుంత తవ్వడం, కట్టెలు చేర్చడం చాలా ఊళ్లలో ఈ చివరివాళ్ల నెత్తినే పడేది. వాళ్లలో ఎక్కువ భాగం దళిత కుటుంబాలవాళ్లు. పదవి తండ్రి తరువాత పెద్దకొడుకుకు పోవాలి. వారసుడు మైనరైతే అతని పేరు నమోదు చేసి, ఎదిగేదాకా వేరే మనిషితో పని నడిపించాలి. పదవికి వచ్చే ఇనాం భూమి అమ్మరాదు, జప్తు చేయరాదు. ఇంత వివరంగా రాసిన చట్టం గుంత తవ్వే పనిని ఆ పిల్లవాడు ఎవరి దగ్గర, ఎన్నాళ్లు నేర్చుకోవాలో రాయలేదు. రక్తంలోనే పని ఉంటుందన్నది దాని లెక్క కాబోలు.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు పోయాయి. మా తాలూకా మైసూరులో కలిసింది. వెట్టి, తోటి పదవులు మాత్రం హద్దుకు రెండు వైపులా అలాగే నిలిచాయి. 1960 డిసెంబరులో సుప్రీంకోర్టు గుంటూరు జిల్లా పెరవలిపాలెం మునసబు పదవి తగాదా తీరుస్తూ ఒక పెద్ద మాట చెప్పింది. గ్రామ పదవి కూడా రాజ్యాంగం చెప్పిన ప్రభుత్వోద్యోగమే, కేవలం పుట్టుక చూసి దాన్ని ఇవ్వడం 16వ అధికరణానికి విరుద్ధం అన్నది. గాజుల దశరథరామారావు కేసుగా అది న్యాయశాస్త్ర విద్యార్థులకు తెలిసినదే. మైసూరు ప్రభుత్వం 1961లో గ్రామ పదవుల రద్దు చట్టం చేసింది. అది 1963 ఫిబ్రవరి 1 నుంచి అమలయింది. పదవులు పోయాయి, పదవికి కట్టుబడిన సేవ కూడా చట్టం దృష్టిలో పోయింది. ఇనాం భూములను పాతవాళ్లకే తిరిగి ఇచ్చే ఏర్పాటు జరిగింది. ఆంధ్రలో పార్ట్ టైమ్ గ్రామాధికారుల పదవుల రద్దు 1984లో జరిగింది.

ఆ 1961లోనే ఢిల్లీలో అప్రెంటిస్‌ల చట్టం వచ్చింది. పని నేర్చుకునే కుర్రాడికి ఒప్పందం, పనిగంటలు, స్టైఫండు, నేర్పేవాడి బాధ్యత అన్నీ అందులో ఉన్నాయి. కాని దాని చూపు ఫిట్టరు, టర్నరు, ఎలక్ట్రీషియను వైపే. అంటే ఒకే సంవత్సరంలో రెండు చట్టాలు పుట్టాయి. ఒకటి పుట్టుకతో వచ్చే కాటి పనిని రద్దు చేసింది, రెండోది నేర్చుకుని చేసే పనులకు రక్షణ ఇచ్చింది. ఆ రెంటి నడుమ మా ఊరి గుంత తవ్వేవాడు మిగిలిపోయాడు. చట్టంలో పదవి పోయింది, ఊరి అలవాటులో పని పోలేదు. తండ్రి గుంత తవ్వుతుంటే మట్టి పైకి లాగే పన్నెండేళ్ల కుర్రాణ్ణి నేను ఒకటికి నాలుగుసార్లు చూశాను. చేతికి తొడుగు లేదు, కాలికి చెప్పు లేదు. కూలీ ఎంతంటే, ఇచ్చినంత.

తరువాత వచ్చిన చట్టం శిక్ష వైపునుంచి వచ్చింది. షెడ్యూల్డ్ కులాలు, తెగలపై అత్యాచారాల నిరోధక చట్టానికి చేసిన సవరణ 2016 జనవరి 26 నుంచి అమలులో ఉంది. దాని ప్రకారం ఆ కులాలకు, తెగలకు చెందని వ్యక్తి వాళ్లచేత శవాలు మోయించడం, గుంతలు తవ్వించడం నేరం. ఆరు నెలలనుంచి ఐదేళ్ల దాకా జైలు. ఇది రావలసిన చట్టమే, ఆలస్యంగా వచ్చింది. కాని "చేయించరాదు" అన్నంత మాత్రాన చావులు ఆగవు గదా! ఇష్టపడి, కూలికి, గౌరవంగా ఆ పని చేసేవాడెవడు, వాడికి నేర్పేదెవరు అన్న ప్రశ్న అలాగే ఉంది.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పుకోకపోతే ఏమవుతుందో 2020లో దేశమంతా చూసింది, అదీ మా బళ్లారిలోనే. కరోనా తొలి విడతలో, జూన్ 30న ఒక వీడియో బయటికొచ్చింది. తెల్లని రక్షణ దుస్తులు తొడుక్కున్న పనివాళ్లు శవాలను ఈడ్చుకొచ్చి ఒకే గుంతలోకి విసురుతున్నారు. జిల్లా యంత్రాంగం విచారం ప్రకటించి, ఆ జట్టును తప్పించింది. వైద్య కళాశాల ఫోరెన్సిక్ విభాగాధిపతి దగ్గర శిక్షణ ఇప్పించి కొత్త జట్టును పెడతామన్నది. ఆ పనివాళ్లను అందరూ తిట్టారు. విసరడం తప్పే, కాదనను. కాని రోగం అంటుతుందన్న భయంతో ఉన్నవాళ్లను గుంత దగ్గరకు పంపేముందు వాళ్లకు ఎవరు నేర్పారు, పక్కన నిలబడి చూసే పెద్ద ఎవరు? శిక్షణ అన్నమాట వీడియో తరువాత వచ్చింది. ముందే రావలసిన మాట అది.

బయటి దేశాల్లో ఈ మాట ఎప్పుడో వచ్చింది. అమెరికాలో వర్జీనియా రాష్ట్రం 1894లోనే శవాలను భద్రపరిచే పనివాళ్లకు లైసెన్సు పెట్టింది. మా 1895 చట్టానికి సరిగ్గా ఒక ఏడాది ముందు. అక్కడ చాలా రాష్ట్రాల్లో అంత్యక్రియల నిర్వాహకుడు కావాలంటే లైసెన్సున్న పెద్ద కింద ఏడాది నుంచి మూడేళ్ల దాకా శిష్యరికం చేయాలి. శిష్యుడు ఏ పని సొంతంగా చేయవచ్చు, ఏది గురువు ఎదుటనే చేయాలి అన్న నిబంధనలుంటాయి. ఇంగ్లండులో మాత్రం ఇప్పటికీ ఈ వృత్తికి లైసెన్సు అక్కరలేదు, అది ఉండాలన్న వాదన బలంగా నడుస్తోంది. వాళ్ల వ్యాపారాన్ని మనం తెచ్చుకోవాలని నేననను. పేదవాడి చావు ఖరీదు పెంచే ఏ పద్ధతీ మనకొద్దు. తీసుకోవలసింది ఒక్కటే: నేర్చుకునేవాడు తప్పు చేస్తే నేర్పినవాడు జవాబు చెప్పాలన్న నియమం.

మా పట్టణ పంచాయతీ అయినా, హద్దుకు అవతలి ఆంధ్ర పంచాయతీలైనా చేయగలిగిన పనులే అడుగుతున్నాను. పద్దెనిమిదేళ్లు నిండనివాణ్ణి గుంతలోకి దించరాదు. కూలీ ఎంతో శ్మశానం గోడమీద రాయాలి, రెండు భాషల్లోనూ. తొడుగులు, బూట్లు, ధనుర్వాతం, కామెర్ల టీకాలు పంచాయతీ ఖర్చుతో ఇవ్వాలి. ముప్ఫయ్యేళ్లుగా ఈ పని చేస్తున్న పెద్దలను గురువులుగా గుర్తించి, నేర్పినందుకు జీతమివ్వాలి. వాళ్ల చదువు ఏ బడిలోనూ దొరకదు. అన్నిటికన్నా ముఖ్యంగా, శిష్యుణ్ణి చేర్చుకునేటప్పుడు తండ్రి పేరు, కులం అడగరాదు. ఆ పనికి ఏ ఇంటి కుర్రాడైనా దరఖాస్తు పెట్టుకునేలా కూలీ, మర్యాద ఉన్నప్పుడే 1960 తీర్పు మా శ్మశానం దాకా నడిచి వచ్చినట్టు లెక్క.