కోనసీమ చెరువుల్లో చేపల పొత్తు

తిండి దగ్గర, చోటు దగ్గర ఒకదానికొకటి అడ్డురాని జీవాలను ఎంచి ఒకే చెరువులో పెంచే పద్ధతిని మిశ్రమ పెంపకం అంటారు. గోదావరి పాయలైన గౌతమి, వసిష్ఠల నడుమ, వైనతేయ చీల్చుకుపోయిన కోనసీమలో ఈ ఎంపికకు రెండు ముఖాలున్నాయి. కాలువల మంచినీరు అందే కొత్తపేట, అమలాపురం వైపు ఇది ప్రధానంగా చేపల పొత్తు. సముద్రానికి దగ్గరైన ఉప్పలగుప్తం, కాట్రేనికోన, సఖినేటిపల్లి మండలాల్లో రొయ్యకు తోడు వెతకడం. నీటిలో ఉప్పు ఎంత ఉందన్నదాన్ని బట్టే ఎవరితో ఎవరు బతుకుతారో చాలావరకు తేలిపోతుంది.

పొత్తుకు మూలసూత్రం చేప నోటిలోనే ఉంది. బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటుంది. అది నీటి పైపొరలో తేలే సూక్ష్మజంతువులను తింటుంది. శీలావతి కింది పెదవికి అంచులు కుచ్చులుగా ఉంటాయి; మధ్యపొరలో తిరుగుతూ నాచును, కుళ్లుతున్న మొక్కల ముక్కలను గీరి తింటుంది. ఎర్రమోసు నోరు కిందికి వంగి అడుగు మడ్డిని ఏరుకుంటుంది. మూడూ ఒకే కుటుంబానికి చెందిన గంగా మైదానపు చేపలే అయినా, ఒకదాని పళ్లెంలో మరొకటి చెయ్యి పెట్టదు. చైనావారు ఈ సంగతిని శతాబ్దాల కిందటే గుర్తించి గడ్డి చేప, వెండి చేప వంటి నాలుగు రకాల కార్పులను కలిపి పెంచారు. శాంత స్వభావం ఒక్కటే చూసి చేపలను జతచేయడం పొరపాటు. రెండు సాధు జాతులకు తిండి ఒకటే అయితే, కరవకుండానే ఒకదాన్ని మరొకటి ఎండగడుతుంది.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక కోనసీమకు కాలువల నీరు స్థిరపడింది. ఊరి చెరువుల్లో, బోదెల్లో, వరిచేలలో వరదతో వచ్చిన చేపే చాలాకాలం తిండికి ఆధారం. అందులో ఎంపికకు చోటు లేదు. కొర్రమీను, వాలుగ, జెల్ల, మార్పు ఏది దొరికితే అది పట్టేవారు. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు వంటి కార్పులు నిలవనీటిలో గుడ్లు పెట్టవు. వానాకాలపు పారే నదిలోనే పెడతాయి. కాబట్టి పెంచాలనుకున్నవారు నదిలో పిల్లను వలవేసి తేవాలి. ఆ పిల్లలో ఏ జాతి ఎంతో, అందులో వేటచేప పిల్ల ఎంత కలిసిందో పెరిగేదాకా తెలిసేది కాదు.

ఈ అడ్డంకి 1957 జూలై 10న తొలగింది. ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌదురి, కె.హెచ్. అలికున్హి పీయూష గ్రంథి సారాన్ని సూదిమందుగా ఇచ్చి, బందీగా ఉన్న కార్పుల చేత గుడ్లు పెట్టించారు. ఆ రోజునే ఇప్పుడు జాతీయ చేపల రైతుల దినోత్సవంగా జరుపుతున్నారు. జాతి తేలిన పిల్ల కావలసినంత దొరికాకే పొత్తును లెక్క ప్రకారం కుదర్చడం సాధ్యమైంది. మిశ్రమ పెంపకం చరిత్రలో దీనికి మించిన మలుపు లేదు.

విదేశీ చేపలూ ఆ కాలంలోనే చేరాయి. బంగారు తీగ మొదట 1939లో శ్రీలంక నుంచి నీలగిరులకు, దానిలోనే మరో రకం 1957లో థాయ్‌లాండ్ నుంచి వచ్చాయి. 1959లో జపాన్ నుంచి వెండి చేప, హాంగ్‌కాంగ్ నుంచి గడ్డి చేప వచ్చాయి. గడ్డి చేపతో ఏ పేచీ లేదు. నీటిమొక్కలను తిని, దాని పెంటతో మిగతావాటికి ఎరువు ఇస్తుంది. వెండి చేప సంగతి వేరు. అది నీటిలోని పచ్చదనాన్ని వడగట్టి తింటూ బొచ్చె ఉండే పైపొరలోనే తిరుగుతుంది. సంఖ్య పెరిగితే బొచ్చె ఎదుగుదల కుంటుపడుతుంది. బంగారు తీగ అడుగు తవ్వి నీటిని బురద చేస్తుంది, గట్లను గుల్ల చేస్తుంది, పైగా మిగతా కార్పుల్లా కాక చెరువులోనే గుడ్లు పెడుతుంది. భారత వ్యవసాయ పరిశోధన మండలి 1971లో మొదలుపెట్టిన అఖిల భారత సమన్వయ పథకం దేశీయ జాతులు మూడు, ఈ విదేశీ జాతులు మూడు, మొత్తం ఆరింటిని వేర్వేరు పాళ్లలో కలిపి దేశమంతటా పరీక్షించింది. దేశీయ జాతులు మూడే వేసేటప్పుడు బొచ్చె 4, శీలావతి 3, ఎర్రమోసు 3 పాళ్లు అన్నది పుస్తకాల్లో స్థిరపడిన లెక్క.

ఆంధ్ర రైతు ఆ లెక్కను పాటించలేదు. 1970ల చివర్లో కొల్లేరు చుట్టూ పెద్ద చెరువులు తవ్వినప్పుడు శీలావతిని నూటికి 80 నుంచి 90 వరకు వేసి, మిగిలిన భాగం బొచ్చెకు ఇచ్చారు. ఎర్రమోసును దాదాపు వదిలేశారు. అది అడుగున నక్కి వలకు సరిగా చిక్కదు, ధరా తక్కువ. మంచు పెట్టెల్లో హౌరాకు, అస్సాంకు వెళ్లే సరుకులో అక్కడివారు అడిగింది శీలావతినే. వేసే పిల్ల కూడా వేలెడంతది కాదు. ఏడాదిపాటు ఇరుకుగా, అర్ధాకలితో ఉంచి 100 గ్రాములు దాటించిన పిల్లను వేస్తే అది ఒక్కసారిగా అందుకుని పెరుగుతుంది. తవుడు, చెక్క కలిపి, అడుగున రంధ్రాలున్న సంచుల్లో నింపి, కర్రలకు వేలాడగట్టడం కూడా ఇక్కడి రైతు కనిపెట్టినదే. సంచి చుట్టూ చేరేది ఎక్కువగా శీలావతి. మేత చేతితో అందించాక మూడు పొరల లెక్క పట్టు సడలింది. పుస్తకం దృష్టిలో ఇది అసమతుల్యమే కానీ, చేతిమేత లేని చెరువు కోసం రాసిన లెక్కను మేత పోసే చెరువుకు తెచ్చి తప్పుపట్టడం న్యాయం కాదు. కోనసీమ మంచినీటి చెరువులూ ఈ దారినే నడిచాయి. తర్వాత గట్టి పళ్ల రూప్‌చంద్ చేప కూడా శీలావతి పక్కన చేరింది.

పొత్తులో చేర్చకూడనివాటిని తీసేయడం చేర్చేవాటిని ఎంచినంత పని. పిల్ల వదలడానికి ముందు కొర్రమీను, వాలుగ, మార్పు ఒక్కటీ మిగలకూడదు. మీటరు లోతు నీటికి హెక్టారుకు 2,500 కిలోల ఇప్పచెక్క వేస్తారు. అందులోని విషం చేపను చంపి, కొన్ని వారాల్లో విరిగి ఎరువైపోతుంది. తూముకు సన్నని జాలీ కట్టకపోతే కాలువ నీటితో ఈ వేటచేపలు మళ్లీ వస్తాయి. 1952లో దేశానికి వచ్చిన తిలాపియా వేటచేప కాకపోయినా, నెలల వయసులోనే పిల్లలు పెట్టి మేతంతా పంచుకుంటుంది.

తీరం వైపు కథ రొయ్యతో నడిచింది. 1990ల మొదట్లో టైగర్ రొయ్యను ఒంటరిగా, దట్టంగా పెంచారు. 1994లో తెల్లమచ్చ వైరస్ వచ్చి చెరువులకు చెరువులే పోయాయి. ఆ తర్వాత మంచినీటిలో బతికే నీలకంఠ రొయ్య కొన్నేళ్లు ఊపందుకుంది. అది అడుగున ఉంటుంది కనుక బొచ్చెతో, శీలావతితో చక్కగా కుదిరేది. బంగారు తీగ, ఎర్రమోసు మాత్రం దాని చోటుకు పోటీ. 2009లో వనామీ రొయ్యకు అనుమతి వచ్చాక తీర మండలాల్లో అదే ప్రధాన పంటైంది. ఉప్పు లీటరుకు సుమారు 5 గ్రాములు దాటని చెరువుల్లో వనామీతో కొద్దిపాటి బొచ్చె, శీలావతి వేస్తారు. అవి మితిమీరిన పచ్చదనాన్ని తగ్గిస్తాయి, రొయ్య దెబ్బతింటే కొంత డబ్బు చేతికి వస్తుంది. పండుగప్ప చేపకు మాత్రం తోడు దొరకడం కష్టం. అది తనలో సగానికి పైగా పొడవున్న చేపను మింగగలదు, సొంత జాతినీ వదలదు. అందుకే సైజుల వారీగా విడదీస్తూ పెంచాలి.

గుల్లజీవాలకు తోడు ఎంచే విద్య ఇంకా కొత్తది. భువనేశ్వర్ దగ్గర కౌసల్యాగంగలోని మంచినీటి ఆక్వాకల్చర్ సంస్థ 1987లో పరిశోధన మొదలుపెట్టి ఆల్చిప్పల్లో ముత్యాలు పండించే పద్ధతిని రూపొందించింది. చిన్న శస్త్రచికిత్స చేసి లోపల బీజం ఉంచిన ఆల్చిప్పలను నైలాన్ సంచుల్లో నీటిలో వేలాడదీసి, ఏడాది నుంచి ఏడాదిన్నర ఉంచుతారు. అదే చెరువులో కార్పులు పెంచవచ్చు. ఆల్చిప్ప నీటిని వడగట్టి తింటుంది కాబట్టి వెండి చేప ఎక్కువైతే దాని తిండి తగ్గుతుంది. ఆల్చిప్పకు, చేపకు మధ్య ఇంకో బంధం ఉంది: ఆల్చిప్ప పిల్ల కొన్నాళ్లు చేప మొప్పలను, రెక్కలను పట్టుకుని బతికితే తప్ప ఎదగదు. చేపలేని చెరువులో ఆల్చిప్పల తరం ఆగిపోతుంది. వనామీ చెరువులో మాత్రం గుల్లజీవాలు పెరిగితే, పెంకు కట్టుకోవడానికి సున్నాన్ని లాగేసుకుని రొయ్య కవచం గట్టిపడకుండా చేస్తాయి.

కోనసీమ చెరువులు దాటి చూస్తే, పగడపు దిబ్బల అలంకార తొట్లలో ఉంచే రాక్షస ఆల్చిప్పలకు తోడు ఎంచడంలోనూ చిక్కు ఇలాంటిదే. వాటి తిండిలో ఎక్కువ భాగం ఒంటిలోని నాచు వెలుతురుతో వండిపెడుతుంది. రంగుల పైకండను కొరికే సీతాకోక చేపలు, ఏంజెల్ చేపలు, పెంకు పగలగొట్టే ట్రిగ్గర్, పఫర్ చేపలు వాటి పక్కన పనికిరావు. కుట్టే సముద్రపుష్పాలనూ దూరంగా ఉంచాలి. రాక్షస ఆల్చిప్ప జాతుల్లో కొన్ని భారత వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. వాటిని మన సముద్రం నుంచి తీయడం నేరం.