తిరువళ్ళూరు టీకా, క్షయక్రిమి నూగు

క్షయ అనే మాట పలకడానికే మన పెద్దవాళ్ళు జంకేవారు. ఆ జబ్బు చరిత్రలో మన తిరువళ్ళూరుకు చోటుందని ఎందరికి తెలుసు?

1950లో మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం శానిటోరియం వైద్యులు బి.సి.జి. టీకాను పరీక్షకు పెట్టారు. అప్పటికి తిరుత్తణి కూడా మదనపల్లెలాగే చిత్తూరు జిల్లాలోదే. టీకా కొంత కాపాడుతుందని అక్కడ తేలింది. 1960లో తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో కలిసింది.

1968లో అంతకన్న ఎన్నో రెట్లు పెద్ద పరీక్ష అప్పటి చెంగల్పట్టు జిల్లాలో, తిరువళ్ళూరు కేంద్రంగా మొదలయింది. భారత వైద్య పరిశోధన మండలి, ప్రపంచ ఆరోగ్య సంస్థ, అమెరికా ప్రజారోగ్య శాఖ చేతులు కలిపాయి. ఇంటింటా మనుషుల పేర్లు రాసుకుని సుమారు 2,60,000 మందికి సూది వేశారు. కొందరికి అసలు టీకా, కొందరికి మందులేని ద్రవం. ఎవరికేది పడిందో వేసినవాడికీ తెలియదు, వేయించుకున్నవాడికీ తెలియదు. ముప్ఫై ఏళ్ళుగా బ్యాంకు పద్దులు చూస్తున్నవాణ్ణి. ఇంత నిక్కచ్చి లెక్క మాలోనూ అరుదు. ఏడున్నరేళ్ళ తర్వాత విప్పిచూస్తే పెద్దవాళ్ళ ఊపిరితిత్తుల క్షయను టీకా ఆపలేదు! 1999లో అచ్చయిన పదిహేనేళ్ళ లెక్కా అదే చెప్పింది. మట్టిలో, నీటిలో ఉండే క్షయక్రిమి దాయాదులు మన ఒంటికి ముందే అలవాటు కావడం ఒక కారణం కావచ్చునన్నారు. పసిపిల్లలకు మెదడుపొర క్షయ రాకుండా కాపాడుతుంది గనక పుట్టగానే నేటికీ వేస్తున్నారు.

మరి అసలు క్రిమి మనలో ఎలా పాతుకుంటుంది? 2007లో అమెరికా పరిశోధకులు దాని ఒంటిమీద సన్నని నూగు ఉన్నట్టు చూపారు. అది ఎమిలాయిడ్‌ను పోలిన మాంసకృత్తు పోగు. అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బులో మెదడులో పేరుకునేదీ ఎమిలాయిడే. మనకు చెత్త, క్రిమికి పనిముట్టు! పేగుల్లోని ఇ.కోలైకి ఇలాంటి పోగులున్నట్టు 1989లోనే కనుగొన్నారు. అవి ఎమిలాయిడేనని 2002లో రుజువయింది. వాటితోనే అవి అంటుకుని పాకుడులా గుంపుకడతాయి. క్షయక్రిమి నూగు మన కణాలను ఆనుకుని ఉండే లామినిన్‌ను పట్టుకుంటుంది. రోగుల రక్తంలో ఆ నూగుకు ఎదురుగా పుట్టిన ప్రతిరక్షకాలు దొరికాయి. అంటే మనిషి ఒంట్లో ఉండగానే క్రిమి దాన్ని మొలిపించుకుంటోందన్నమాట.

ఆనాడు తిరువళ్ళూరు పల్లెల్లో చెయ్యి చాచిన పిల్లలకు ఇప్పుడు అరవై దాటింది. ఆ నూగుకు గురిపెట్టిన టీకా ఇంకా వాడుకలోకి రాలేదు.