ఉప్పెన, పోటు, తిథి: కృష్ణా తీరంలో రెండు తుపానులు

తుపానుల చరిత్ర చదివేటప్పుడు తేదీతోపాటు తిథిని కూడా గమనించండి. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన మచిలీపట్నాన్ని ముంచే నాటికి దీపావళి అమావాస్య వెళ్ళి రెండు రోజులే. 1977 నవంబరు 19న దివిసీమ మునిగే నాటికి అదే అమావాస్య వెళ్ళి వారం దాటింది. అష్టమి కూడా గడిచిపోయింది.

అమావాస్య, పౌర్ణమి వెళ్ళిన ఒకటి రెండు రోజుల్లో సూర్యచంద్రుల ఆకర్షణ కలిసి పోటు ఎత్తుగా వస్తుంది. అష్టమి తరువాత ఆ రెండు ఆకర్షణలు వేర్వేరు దిక్కుల్లో ఉండి పోటు తగ్గుతుంది. ఉప్పెన సంగతి వేరు. తుపాను గాలి లోతు తక్కువ సముద్రపు నీటిని ఒడ్డుకు నెట్టడం వల్ల అది పుడుతుంది. ఊరిని ముంచేది ఈ రెండూ కలిసిన మట్టం.

1864లో సుమారు 30 వేల మంది చనిపోయారు, 1977లో ప్రభుత్వ లెక్క ప్రకారం సుమారు 10 వేల మంది. ఈ తేడా అంతా పోటు వల్లనే అని మీకు అనిపించవచ్చు. తొందరపడకండి. మృతుల సంఖ్య నీటి ఎత్తుకు కొలత కాదు. 1864 నాటికి భారత వాతావరణ శాఖే లేదు, అది 1875లో ఏర్పడింది. పైగా మన తీరంలో పెద్ద పోటు రోజుల్లో కూడా ఆటుపోట్ల మధ్య తేడా సుమారు ఒకటిన్నర మీటర్లే. అందుకే పోటు తక్కువగా ఉండే రోజుల్లో వచ్చినా, 1977లో నీరు సుమారు 5 మీటర్ల ఎత్తున వచ్చింది. చిన్న పోటు దివిసీమను కాపాడలేకపోయింది.

బంగాళాఖాతం ఉత్తర కొసన లెక్క మారుతుంది. అక్కడ ఆ తేడా మూడు మీటర్లు దాటుతుంది. 1970 నవంబరు 12 రాత్రి, పౌర్ణమికి ముందు రోజు, నాటి తూర్పు పాకిస్తాన్‌లోని భోలా ప్రాంతంలో ఉప్పెన సరిగ్గా పోటు వేళకు వచ్చింది. 3 లక్షలకు పైగా మరణించారు. అటువంటి తీరంలో తుపాను ఆరు గంటలు ఆలస్యమైతే, అదే గాలికి నీరు అంత ఎత్తుకు చేరదు.

అయితే ఇది మామూలు కూడిక కాదు. లోతు తగ్గినచోట గాలి నీటిని మరింత పైకి నెడుతుంది. కాబట్టి ఆటు వేళ ఉప్పెన కొంత పెరుగుతుంది, పోటు వేళ కొంత తగ్గుతుంది.

దివిసీమ పెద్దలతో మాట్లాడే అవకాశం వస్తే నీరు ఎంత ఎత్తు వచ్చిందని మాత్రమే కాక, ఏ వేళకు వచ్చిందని కూడా అడిగి రాసుకోండి.