ముద్ర పడితేనే పిండి

క్రీ.పూ. 500. ఇరాన్ కొండల కింద పార్స నగరం. గ్రీకులు తర్వాత పెర్సిపోలిస్ అని పిలిచింది దీన్నే. ఎత్తయిన రాతి అరుగు మీద చక్రవర్తి దరియస్ సభామంటపం ఇంకా కడుతూనే ఉన్నారు. ఉలి చప్పుళ్లు, కళ్లలో పడే రాతిదుమ్ము. అటు తర్వాత చూద్దురుగాని, ముందు గిడ్డంగి వైపు రండి. సామ్రాజ్యం నడిచేది ఇక్కడే.

లేఖకుడు మీవైపు తలెత్తి చూడడు. ముడులు వేసిన దారం చుట్టూ తడిమట్టిని అరచేతిలో ఒత్తి పలక చేస్తాడు. అది ఆరకముందే ఈలమైట్ భాషలో గబగబా గుచ్చుతాడు: బార్లీ ఎంత, ఇచ్చిందెవరు, పుచ్చుకున్నదెవరు. పక్కనే ముద్ర దొర్లిస్తారు. లెక్క తేలిపోయింది. (ఇలాంటి పలకలే వేల సంఖ్యలో 1933లో ఇక్కడి కోటగోడ గదుల్లో దొరికాయి.)

వరసలో నిలబడండి. మీ ముందు ఈజిప్టు కూలీ, అతని ముందు బాబిలోన్ వాడు. ఆ పక్కన ఒక బాలింత. మగబిడ్డను కన్నది కాబట్టి, ఆడపిల్ల తల్లికి ఇచ్చేదానికి రెట్టింపు ద్రాక్షసారాయి కొలిచి పోస్తున్నారు. పుట్టిన పసికందు కూడా పద్దులోకి ఎక్కేసింది. ఈటెలు పట్టిన సైన్యం కంటే నాకు ఈ కొలపాత్రే ఎక్కువ భయం పుట్టిస్తుంది.

వాకిట్లో సందడి. సింధు తీరం నుంచి బాటసారులు దిగారు, మోకాళ్లదాకా దుమ్ము. వాళ్ల పెద్ద ముందుగా చూపించేది ముద్ర వేసిన పత్రం. అది ఉంటే మజిలీ మజిలీకీ పిండి కొలిచిస్తారు, లేకుంటే పస్తే. సార్డిస్ నుంచి సూసా దాకా రాచబాటలో 111 మజిలీలని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. బిసుతూన్ కొండ మీద దరియస్ తనవని చెక్కించుకున్న దేశాలు 23. ఎవరి దేవుళ్లు వాళ్లకే, ఎవరి భాష వాళ్లకే. కప్పం మాత్రం ఇటు రావాలి. దాన్ని రాబట్టి పంపేవాడు ఆయా దేశాల క్షత్రపుడు.

క్రీ.పూ. 330లో అలెగ్జాండర్ ఈ మహళ్లను తగలబెట్టించాడు. క్షత్రపుల పదవిని మాత్రం పదిలంగా ఉంచుకున్నాడు. అది అతని తర్వాతా బతికి మన దాకా వచ్చింది: శాతవాహనులతో తలపడిన నహపాణుడూ క్షత్రపుడే. అతన్ని ఓడించిన గౌతమీపుత్ర శాతకర్ణి అతని వెండి నాణేలను కరిగించలేదు. వాటి మీదే తన ముద్ర కొట్టించి చలామణీ చేశాడు.