జంట ఇంధన ట్యాంకుల పికప్‌ను ఒంటి ట్యాంకుకు మార్చడం

అమెరికాలో 1970ల నుంచి 1990ల దాకా తయారైన పెద్ద పికప్ ట్రక్కుల్లో చాలావాటికి రెండు పెట్రోల్ ట్యాంకులు ఉండేవి. డ్యాష్‌బోర్డు మీది స్విచ్ నొక్కితే ఇంజను ఒక ట్యాంకు నుంచి రెండోదానికి మారేది. ఈ ఏర్పాటులో ఒక ట్యాంకును, దానికి సంబంధించిన పంపు, వాల్వ్, వైరింగును తొలగించి, మిగిలిన ట్యాంకుతోనో, అంతకంటే పెద్దదానితోనో బండి నడిచేలా చేయడమే ఒంటి ట్యాంకు మార్పిడి. 1980–97 మధ్య వచ్చిన ఫోర్డ్ ఎఫ్-150, ఎఫ్-250 బండ్ల మీదా, 1973–87 నాటి షెవర్లే, జీఎంసీ పికప్‌ల మీదా ఈ పని ఎక్కువగా జరుగుతుంది.

1970ల మొదటి దాకా ఈ ట్రక్కుల ట్యాంకు క్యాబిన్‌లోనే, సీటు వెనక ఉండేది. డ్రైవరు వీపు వెనకే పెట్రోల్ ఉండటం క్షేమం కాదని దాన్ని ఛాసిస్ దగ్గరికి దించారు. అక్కడ ప్రొపెల్లర్ షాఫ్టు, సైలెన్సరు పైపు, యాక్సిల్ చోటంతా ఆక్రమించడంతో పెద్ద ట్యాంకు ఒకటి పట్టేది కాదు. చిన్నవి రెండు పట్టేవి. ఎనిమిది సిలిండర్ల ఇంజను గ్యాలనుకు 10–12 మైళ్లే ఇచ్చే రోజుల్లో 16 గ్యాలన్ల (సుమారు 60 లీటర్ల) ట్యాంకు రెండు వందల మైళ్లకు అటూ ఇటూ అయిపోయేది. పట్టణానికి దూరంగా పొలాల్లో, పశువుల క్షేత్రాల్లో తిరిగే బండికి అది చాలదు. 1973 అక్టోబరులో అరబ్ దేశాలు చమురు ఆంక్షలు పెట్టాక పెట్రోల్ బంకుల దగ్గర క్యూలు పెరిగి, రెండో ట్యాంకుకు గిరాకీ మరింత హెచ్చింది. మన పాత మోటారు సైకిళ్లలో రిజర్వు కాక్ ఇచ్చే ధీమాయే ఇదీ. అయితే అక్కడ ట్యాంకు ఒక్కటే, ఇక్కడ ప్రతిదీ రెండేసి.

జనరల్ మోటార్స్ తన ట్యాంకులను ఛాసిస్ పట్టాలకు బయట, బండి రెండు పక్కలా వేలాడదీసింది. పక్క నుంచి మరో వాహనం గుద్దితే అవి పగిలి మంటలు చెలరేగుతాయన్న ఆరోపణ అమెరికాలో ఏళ్ల తరబడి కోర్టుల్లో నలిగింది. 1992 నవంబరులో ఎన్‌బీసీ టీవీ సంస్థ ‘డేట్‌లైన్’ కార్యక్రమం ఒక ప్రమాద పరీక్షను ప్రసారం చేసింది. మంట తప్పకుండా లేచేలా బండికి ముందే నిప్పురవ్వ పరికరాలు అమర్చారని తేలడంతో 1993 ఫిబ్రవరిలో ఆ సంస్థ బహిరంగంగా క్షమాపణ చెప్పింది. పరీక్ష బూటకమైనంత మాత్రాన డిజైన్ మంచిదైపోదు. 1994లో అమెరికా రవాణా మంత్రి ఫెడెరికో పెన్యా ఆ ట్రక్కుల్లో భద్రతా లోపం ఉందని ప్రకటించారు. అదే ఏడాది చివర కుదిరిన ఒప్పందంలో జనరల్ మోటార్స్ భద్రతా కార్యక్రమాలకు 5 కోట్ల డాలర్లకు పైగా ఇవ్వడానికి అంగీకరించింది, రీకాల్ మాత్రం జరగలేదు. ఈ బండ్ల యజమానులు పక్క ట్యాంకులు తీసేసి, వెనక పట్టాల మధ్య షెవర్లే బ్లేజర్ ఎస్‌యూవీ రకం ట్యాంకు పెట్టుకోవడానికి చాలావరకు ఇదే కారణం.

ఫోర్డ్ కథ వేరు. అందులో ముందు ట్యాంకు ఎడమ పట్టా లోపలి వైపున, రెండోది వెనక యాక్సిల్ అవతల ఉంటాయి. ఇక్కడ ఇబ్బంది ట్యాంకులతో కాదు, వాటి మధ్య మార్పిడితో. డ్యాష్‌బోర్డు స్విచ్ ఒకేసారి మూడు పనులు చేయాలి: ఏ ట్యాంకు నుంచి పెట్రోల్ రావాలో నిర్ణయించాలి, ఇంజను వాడగా మిగిలిన పెట్రోల్‌ను అదే ట్యాంకుకు తిప్పి పంపాలి, గేజ్‌కు ఆ ట్యాంకు మట్టాన్నే చూపాలి. 1985లో ఎఫ్-150కి ఫ్యూయెల్ ఇంజెక్షన్ రావడం మొదలయ్యాక రెండో పని బరువెక్కింది. ఇంజెక్షన్ బండిలో పంపు తోసే పెట్రోల్‌లో చాలా భాగం రిటర్న్ పైపు గుండా వెనక్కి వస్తుంది. తొలి ఏళ్లలో ఈ పంపకాన్ని ఛాసిస్ మీది ఒక వాల్వ్ చూసుకునేది. 1990 నుంచి ఆ బాధ్యతను ట్యాంకుల్లోని పంపు మాడ్యూళ్లకే అప్పగించారు. ఏ పంపు నడుస్తుంటే దాని ఒత్తిడే ఆ ట్యాంకు రిటర్న్ దారిని తెరుస్తుంది.

మాడ్యూళ్లలో ఈ దారిని తెరిచి మూసే చిన్న కవాటాలు అరిగితే వింతలు మొదలవుతాయి. ముందు ట్యాంకు మీద బండి నడుస్తుంటుంది, దాని ముల్లు మామూలుకంటే వేగంగా పడిపోతుంటుంది. వెనక ట్యాంకుకు మార్చి చూస్తే నిన్న సగం ఉన్నది ఇవాళ ముప్పాతిక! రిటర్న్ పెట్రోల్ తప్పు ఇంటికి చేరుతోందన్నమాట. అప్పటికే నిండి ఉన్న ట్యాంకైతే మూత దగ్గర నుంచి పెట్రోల్ రోడ్డు మీదికి కారుతుంది. ఈ లోపం మీద ఫోర్డ్ 1990ల మొదట్లో రీకాల్ కూడా చేయాల్సి వచ్చింది.

మార్పిడిలో మొదటి నిర్ణయం ఏ ట్యాంకు ఉంచాలన్నది. ఫోర్డ్‌లో చాలామంది ముందుది తీసేసి వెనకది ఉంచుతారు. ఎందుకంటే ఆ చోట ఫోర్డ్ బ్రాంకో ఎస్‌యూవీ పెద్ద ట్యాంకు పడుతుంది. 33 గ్యాలన్ల కంపెనీ రకమూ, 38 గ్యాలన్ల బయటి తయారీ రకమూ దొరుకుతాయి. రెండు ట్యాంకులు కలిపి పట్టే 35 గ్యాలన్లు దాదాపుగా ఒక్కదానిలోనే వచ్చేస్తాయి. కాకపోతే 33 గ్యాలన్ల పెట్రోల్ బరువే 90 కిలోల పైచిలుకు. అదంతా యాక్సిల్ వెనక వేలాడుతుంది కనుక పట్టీలు, బోల్టులు పాతవి వాడకూడదు.

పని చేసే క్రమం కష్టమేమీ కాదు, ఓపిక కావాలి. ట్యాంకును దాదాపు ఖాళీ అయ్యేదాకా వాడి, మిగిలినది తోడేసి, బ్యాటరీ నెగటివ్ వైరు విప్పాలి. ఇంజెక్షన్ బండిలో పైపుల్లో చదరపు అంగుళానికి 35–45 పౌండ్ల ఒత్తిడి నిలిచి ఉంటుంది కాబట్టి దాన్ని ముందు వదలాలి. ట్యాంకును జాకీ మీద దించాక, పాత వాల్వ్ ఉన్నచోట సరఫరా పైపును, రిటర్న్ పైపును మిగిలిన ట్యాంకుకు నేరుగా కలపాలి. తీసేసిన ట్యాంకు వైపు వెళ్లే పైపు కొమ్మలు రెండింటినీ గట్టిగా మూసేయాలి. సరఫరా కలిపి రిటర్న్ సంగతి మరిచిపోతే, వెనక్కి వచ్చే పెట్రోల్ ట్యాంకు లేని పైపు చివర నుంచి, ఒక్కోసారి వేడి సైలెన్సరు పక్కనే, నేల మీద పడుతుంది. కార్బొరేటర్ బండికి వాడే రబ్బరు హోస్ ఇంజెక్షన్ ఒత్తిడికి ఆగదు, దానికి ఎస్‌ఏఈ 30ఆర్9 ముద్ర ఉన్న హోసే కావాలి. ఖాళీ ట్యాంకు దగ్గర వెల్డింగ్, కటింగ్ అసలే వద్దు. నిండు ట్యాంకుకంటే ఆవిరి నిండిన ఖాళీ ట్యాంకే తొందరగా పేలుతుంది.

గేజ్ దగ్గర చాలామంది బోల్తా పడతారు. ట్యాంకులోని ఫ్లోట్ గేజ్‌కు పంపేది విద్యుత్ నిరోధం. 1986 దాకా ఫోర్డ్‌లో ఖాళీ ట్యాంకుకు 73 ఓమ్‌లు, నిండు ట్యాంకుకు 10. 1987 నుంచి లెక్క తిరగబడింది: ఖాళీకి 16, నిండుకు సుమారు 158. అంటే 1984 ట్రక్కులో 1990 బ్రాంకో ట్యాంకును దాని ఫ్లోట్‌తో సహా పెడితే, పెట్రోల్ అయిపోయి బండి ఆగినప్పుడు ముల్లు దాదాపు ‘ఫుల్’ మీద నిలబడి ఉంటుంది. జనరల్ మోటార్స్ లెక్క ఖాళీకి 0, నిండుకు 90. ట్యాంకు ఎక్కడిదైనా ఫ్లోట్ మాత్రం గేజ్‌కు జత కుదరాలి.

వైరింగులో స్విచ్ కనెక్టరు దగ్గర ఉంచిన ట్యాంకు పంపు వైరును, గేజ్ వైరును శాశ్వతంగా కలిపేస్తే చాలు. ప్రమాదంలో పంపును ఆపే ఇనర్షియా స్విచ్‌ను మాత్రం దాటవేయకూడదు. ట్యాంకు ఆవిరిని బొగ్గు క్యానిస్టరుకు తీసుకెళ్లే గొట్టాన్ని కూడా మళ్లీ కలపాలి. దాన్ని ఊడదీసి వదిలేయడం అమెరికాలో కాలుష్య నియంత్రణ చట్టానికి విరుద్ధం. కాలిఫోర్నియాలో 1976 మోడల్ నుంచి ఉన్న పెట్రోల్ బండ్లు స్మాగ్ పరీక్షకు వెళ్లాలి కనుక అక్కడ అది దాగదు.

వాల్వో, ఒక పంపు మాడ్యూలో పాడైనంత మాత్రాన ఇదంతా తలకెత్తుకోనక్కర్లేదు. విడి భాగాలు ఇప్పటికీ దొరుకుతున్నాయి, అవి మార్చుకోవడమే చవక. ట్యాంకు తుప్పు పట్టి చిల్లులు పడ్డప్పుడు, లేదా పక్క ట్యాంకులతో తిరగడం ఇష్టం లేనప్పుడు మాత్రమే ఈ మార్పిడి పెట్టిన ఖర్చుకు తగ్గ పని.