చేతి కండెన్సర్ మైకు

వేదిక మీద గాయకులు చేత పట్టుకొని పాడే కండెన్సర్ రకం మైకు. ఇందులో పల్చని పొర, దాని వెనుక లోహపు పలక ఉంటాయి. రెండింటి మధ్య విద్యుదావేశం నిలిచి ఉంటుంది. గొంతు తాకి పొర కదిలితే వాటి మధ్య దూరం మారి సంకేతం పుడుతుంది. డైనమిక్ మైకులో పొరకు తీగచుట్ట అంటుకొని ఉంటుంది. ఆ బరువు లేనందువల్ల కండెన్సర్ మైకు ఊపిరినీ గమకం కొసనూ కూడా పట్టుకుంటుంది.

అమెరికాలోని వెస్టర్న్ ఎలక్ట్రిక్ సంస్థలో ఇ.సి. వెంటే 1916లో కండెన్సర్ మైకును రూపొందించాడు. 1928 నాటి నాయ్‌మన్ సంస్థ మైకు సి.ఎం.వి.3 సీసా అంత ఉండేది, చేతిలో ఇమిడేది కాదు. 1962లో జేమ్స్ వెస్ట్, గెర్హార్డ్ సెస్లర్ శాశ్వత ఆవేశం నిలిచే ఎలెక్ట్రెట్ మైకును తయారుచేశారు. 1966లో నాయ్‌మన్ కె.ఎం.84తో మైకు తీగలోంచే 48 వోల్టులు పంపే పద్ధతి వచ్చింది. చేతి కండెన్సర్‌కు దారి వేసినవి ఈ రెండే. షూర్ బీటా 87ఎ, నాయ్‌మన్ కె.ఎం.ఎస్.105 ఆ తర్వాతి తరానివి. అయితే అదే 1966లో వచ్చిన డైనమిక్ మైకు షూర్ ఎస్.ఎం.58ను వేదికల నుంచి ఇవి తప్పించలేకపోయాయి.

కారణం తెలియాలంటే నిజామాబాద్ ప్రాంతపు వేదికలు చూడాలి. తెలంగాణ ఆటపాటల ప్రదర్శన ధూంధాం 2002లో, అప్పటి నిజామాబాద్ జిల్లాలోని కామారెడ్డిలో మొదలైంది. అందులో గాయకుడు గజ్జెకట్టి ఆడుతూ పాడతాడు, వెనకనే డప్పు, డోలక్ మోగుతుంటాయి. సున్నితమైన కండెన్సర్ గొంతుతో పాటు డప్పునూ లాగేస్తుంది. ఆవేశంలో పాడేవారు మైకు జాలీని పిడికిట మూసేస్తారు. దాంతో వెనుక శబ్దాన్ని ఆపే రంధ్రాలు మూసుకుపోయి, మైకు అన్ని వైపులా వింటుంది, వెంటనే కూత పెడుతుంది. ఆపరేటరు సౌండు తగ్గించక తప్పదు, పాట జనానికి అందదు.

గాయకుడికి తన గొంతు వినిపించే, పాదాల దగ్గరి మానిటరు బాక్సు చోటు కూడా మైకు చెవిటి దిక్కును బట్టే ఉండాలి. ముందు వైపు ఎక్కువగా వినే కార్డియాయిడ్ రకం మైకుకు సరిగ్గా వెనుక వైపు చెవిటి. సూపర్ కార్డియాయిడ్‌కు వెనుక కాస్త వినిపిస్తుంది, దాని చెవిటి దిక్కులు వెనుకకు రెండు పక్కలా, ముందు నుంచి సుమారు 126 డిగ్రీల దగ్గర ఉంటాయి. బీటా 87ఎ ఈ రెండో రకం. వినాయక నవరాత్రుల మండపాల్లో వానాకాలపు తేమ మరో చిక్కు: పొర చెమ్మగిల్లితే ఆవేశం కారిపోయి చిటపటలు మొదలవుతాయి.

కాబట్టి బోధన్, ఆర్మూరు ఊళ్ల బహిరంగ సభలకు డైనమిక్ మైకే సరైనది. నాలుగు గోడల మధ్య గజల్‌కో, శాస్త్రీయ కచేరీకో, వాయిద్యాలు నెమ్మదిగా ఉన్నప్పుడు, కండెన్సర్‌కు సాటి లేదు. కొనే ముందు మీ మిక్సరులో 48 వోల్టుల మీట ఉందో లేదో చూసుకోండి. పాత మైక్‌సెట్ల ఆంప్లిఫయర్లు చాలావాటిలో అది ఉండదు. ఆ కరెంటు అందకపోతే ఈ తరహా మైకుల్లో చాలావరకు పలకవు.