ఆ గదిలో మా మాట

మావాళ్లు మనసు బాగోలేదని అనరు. "దిల్ ఘబ్రారా" అంటారు. ఛాతీ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు. దూదేకుల ఇళ్లలోనైతే అదే బాధ తెలుగులో పలుకుతుంది: గుండె దడ, దిష్టి. యూనివర్సిటీ కౌన్సెలింగ్ గదిలో ఈ మాటలకు చోటు లేదు. అక్కడ ఇంగ్లీషు ఫారం ఉంటుంది. స్ట్రెస్సో డిప్రెషనో, ఏదో ఒకదానికి టిక్కు పెట్టాలి.

ఇదే హైదరాబాదులో 1918లో ఉస్మానియా యూనివర్సిటీ పుట్టినప్పుడు చదువంతా ఉర్దూలో. అంతకు ముందు ఏడాదే దారుల్ తర్జుమా పెట్టి పుస్తకాలు తర్జుమా చేయించారు. వైద్యం కూడా ఉర్దూలోనే చెప్పారు. అలాగని ఆ ఉస్మానియాను మేం నెత్తిన పెట్టుకోం. ఆ రాజ్యంలో ఎక్కువమంది మాట్లాడిన తెలుగు అక్కడ బోధనా భాష కాలేదు. 1938లో వందేమాతరం పాడినందుకు విద్యార్థుల్ని వెళ్లగొట్టారు. 1948 తర్వాత ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చింది. గడప ఎత్తు మాత్రం తగ్గలేదు. అప్పుడు వాళ్లకి, తర్వాత మాకు.

2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. చచ్చిందీ నమాజుకొచ్చినవాళ్లే, తర్వాత పోలీసులు పట్టుకుపోయిందీ మా పిల్లల్నే. ఆ కుర్రాళ్లు నిర్దోషులుగా బయటికొచ్చారు గానీ ఆ భయం మా హాస్టలు గదుల్లోంచి పోలేదు. మాలో ఒకడికి రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు. బూట్ల చప్పుడు వినపడితే లేచి కూర్చునేవాడు. కౌన్సెలర్ దగ్గరికి పంపాం. ఆయన మంచివాడే, అబద్ధమెందుకు. ఓపిగ్గానే విన్నాడు. చివరికి "రాజకీయాలు పక్కన పెట్టు బాబూ, చదువు మీద మనసు పెట్టు" అన్నాడు. కాగితం మీద పరీక్షల ఒత్తిడి అని రాశాడు.

వాడు రాజకీయాలు ఎక్కడ మాట్లాడాడు? తన పేరు చెప్పుకున్నాడు, అంతే.

కౌన్సెలర్లు తమ సంస్కృతి అనే గూట్లోంచే లోకాన్ని చూస్తారని 1962లోనే గిల్బర్ట్ రెన్ అనే అమెరికన్ రాశాడు. ఆ శాస్త్రంలోవాడే. మన దగ్గరా కాగితాలకు లోటు లేదు. 2012లో యూజీసీ నిబంధనలు మతవివక్షను నిషేధించాయి. 2017 మానసిక ఆరోగ్య చట్టం మతం, కులం, సంస్కృతి చూడని వైద్యం హక్కు అంది. విశాఖలో నీట్‌కు చదువుతున్న అమ్మాయి మృతి కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు, వందమందీ ఆపైన ఉన్న ప్రతి విద్యాసంస్థలో కౌన్సెలర్ ఉండాలంది. దళిత, ఆదివాసీ, బీసీ విద్యార్థులతో ఎలా మెలగాలో సిబ్బందికి నేర్పమంది. జాబితా ఇంతే కాదని కూడా అంది. ఆ "ఇంతే కాదు"లో మేమున్నాం కాబోలు!

మావైపు తప్పు లేదా? ఉంది. 2001 ఆగస్టులో తమిళనాడు ఏర్వాడి దర్గా దగ్గర, గొలుసులతో కట్టేసిన 28 మంది రోగులు మంటల్లో కాలిపోయారు. తావీజు కట్టి ఊరుకోమని మేం చెప్పం. మందు కావాలి, డాక్టరు కావాలి. కానీ "నజర్" అన్న పిల్లని మూఢురాలని నవ్వితే ఆ పిల్ల మళ్లీ గడప తొక్కదు. బురఖా వేసుకున్న అమ్మాయి కనపడగానే తండ్రి కొడతాడా అని మొదటి ప్రశ్న వేసినా అంతే.

మా హాస్టలు పిల్లవాడు ఆ గదికి తిరిగి పోలేదు. ఇప్పుడు కొత్తగా చేరిన పిల్లలు ఒకరిద్దరు మమ్మల్ని వెతుక్కుంటూ వస్తున్నారు. మేం డాక్టర్లం కాం. చాయ్ పోసి వింటాం. తర్వాత ఆ గది దాకా వెంట వెళ్లి, అవసరమైతే లోపల కూర్చుని, వాళ్ల మాటకి అర్థం చెప్తున్నాం.